‘ఈ నేల మనకి పడలేదు’ అంటున్నారు అత్తయ్యగారు

పేరు వేయవద్దని కోరుతూ అనంతపురం జిల్లా నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. కుదించి చెబితే సంగతి ఇది. ఆవిడకు 41 ఏళ్ళు. పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ కోనసీమే, గౌతమి పాయ పక్కన. భర్తకు సౌర విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం. మూడేళ్ళ కిందట అనంతపురానికి దగ్గర్లో ఒక పల్లె అంచున ఐదు సెంట్లు కొనుక్కుని ఇల్లు కట్టుకున్నారు. ఇంట్లో అత్తగారు, తొమ్మిదేళ్ళ పాప. “లోటేమీ లేదండి, మనుషులు మంచివాళ్ళు. కానీ దేవుడి దగ్గర దీపం పెడితే ఎవరింట్లోనో పెట్టినట్టుంటుంది” అంటున్నారు.

తులసి మూడుసార్లు ఎండిపోయింది. ఊరి నుంచి రెండు బస్తాల ఒండ్రుమట్టి తెప్పించి మరీ నాటినా అంతే. నాలుగు కొబ్బరి మొక్కలు పెడితే రెండు పోయాయి. కార్తీకంలో తెల్లవారుజామున కుళాయి కింద స్నానం చేస్తుంటే ఏమీ అనిపించట్లేదట. పెన్నను చూద్దామని వెళ్తే ఇసుక తప్ప ఏమీ కనపడక ఏడుపొచ్చిందట. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫోన్లో చూసుకుంటున్నారు. ఏడాదిన్నర కిందట నాన్నగారు పోయారు, అస్థికలు గోదావరిలో కలిపారు. “నాన్నగారు అక్కడున్నారు, నేనెందుకు ఇక్కడున్నాను” అన్న మాట ఉత్తరంలో రెండుచోట్ల ఉంది. అప్పట్నుంచీ నిద్ర సరిగ్గా లేదు. అత్తగారేమో మోకాళ్ళు నొప్పెట్టినా, పాలు విరిగినా “ఈ నేల మనకి పడలేదు” అంటున్నారు. ఆవిడ పిలిపించిన సిద్ధాంతిగారు భూశుద్ధి శాంతికి అరవై వేలవుతుందన్నారు. పక్కింటామె “అక్కా, మా సుంకులమ్మ కాడికి ఒగసారి రా, అంతా సర్దుకుంటాది” అని పిలుస్తోంది. కానీ జాతరలో పొట్టేళ్ళు కోస్తారు, వీళ్ళు శాకాహారులు. ఇంటి ఇలవేల్పు అంతర్వేది నరసింహస్వామి. ఈలోగా పాప బడిలో ‘మా ఊరు’ అని వ్యాసం రాసి, అందులో ఈ పల్లె పేరు పెట్టింది.

వెనక్కి వెళ్ళిపోవాలా, శాంతి చేయించాలా, సుంకులమ్మ దగ్గరికి వెళ్తే ఇలవేల్పుకు ద్రోహమవుతుందా, నలభై దాటాక కొత్త నేలతో బంధం అసలు కుదురుతుందా అని ఆవిడ ప్రశ్నలు.

సమాధానం:

ముందు తులసి సంగతి తేల్చుకుందాం. మీ ఇంట్లో జరిగే ప్రతిదానికీ ఆ ఎండిన కోటే సాక్ష్యంగా నిలబడింది కాబట్టి అక్కడే మొదలుపెట్టాలి.

మీరు ప్రేమగా తెప్పించుకున్న ఒండ్రుమట్టే ఆ మొక్కను చంపి ఉండొచ్చు. కోనసీమలో ఆ మట్టి కింద కొద్ది అడుగుల్లోనే నీరుంటుంది, గాలిలో తేమ ఉంటుంది, కాబట్టి మెత్తగా ఉంటుంది. అదే మట్టిని తెచ్చి సిమెంటు కోటలో పోసి అనంతపురం ఎండలో పెడితే ఇటుకలా బిగుస్తుంది. బిగిసి, కోట గోడల నుంచి అరంగుళం లోపలికి ముడుచుకుంటుంది. మీరు పోసిన నీళ్ళు ఆ సందులోంచి నేరుగా కిందికి జారిపోతాయి. పైన తడిగా కనిపిస్తుంది, కింద తూటులోంచి నీళ్ళు కారతాయి, మధ్యలో వేళ్ళు మాత్రం పొడిగానే ఉంటాయి. ఈసారి ఎండిన మొక్కను పీకి చూడండి. వేళ్ళు నల్లబడి వాసన వస్తే నీరు నిలిచి కుళ్ళినట్టు. పుల్లల్లా పెళుసుగా విరిగితే నీరు అందనట్టు. వేళ్ళు బాగానే ఉండి ఆకుల అంచులు మాడి, మట్టి మీద తెల్లటి పొర కడితే అది బోరు నీళ్ళలోని ఉప్పు. మంచినీళ్ళ ఫిల్టరు యంత్రం బయటికి వదిలే నీళ్ళు వృథా చేయడం ఇష్టంలేక కోటలో పోస్తున్నారా? చాలా ఇళ్ళలో జరిగేది ఇదే. ఆ నీళ్ళలో ఉప్పు మామూలు బోరు నీళ్ళకంటే ఎక్కువ.

కోటలో నేరుగా నాటకండి. పన్నెండంగుళాల మట్టికుండీ, అడుగున రెండు తూట్లు, వాటి మీద పెంకు ముక్కలు. మీ పెరటి ఎర్రమట్టి జల్లించి రెండు పాళ్ళు, వంక ఇసుక ఒక పాలు, ఏడాది మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలపండి. మీ ఊరి మట్టి ఒక్క గుప్పెడు వేయండి. అది మొక్కకు అవసరమని కాదు, మీకు అవసరమని. ఆ కుండీని కోటలో దింపండి. సిమెంటు వేడి కుండీని నేరుగా తాకకుండా చుట్టూ ఇసుక నింపండి. వైశాఖంలో నాటొద్దు. నాలుగు వానలు పడ్డాక ఆషాఢంలోనో శ్రావణంలోనో నాటి, చైత్ర వైశాఖాల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పాత పంచె నీడ కట్టండి. నీళ్ళు రోజూ చెంబుడు పోయాలన్న నియమం పూజకే గాని మొక్కకు లేదు. వేలి మొదటి కణుపు దాకా మట్టి పొడిగా తగిలినప్పుడు తూటులోంచి కారేదాకా పోయండి. మిగతా రోజుల్లో ఉద్ధరిణెడు చాలు. మిద్దె మీది వాననీళ్ళు ఒక డ్రమ్ములో పట్టుకుంటే నెలకోసారి వాటితో బాగా తడిపి, పేరుకున్న ఉప్పును కిందికి దింపేయొచ్చు. వెన్నులు ముదరకముందే తుంచండి. ఇన్ని చేసినా ఒకటి పోవచ్చు. తులసి నాలుగైదేళ్ళ మొక్కే, అక్కడా మారుస్తూనే ఉంటారు కదా. అక్కడ పోతే మొక్క పోయిందంటారు, ఇక్కడ పోతే నేల పడలేదంటారు. తేడా అంతే.

కొబ్బరి ఇక్కడ బతకదని కాదు, నీళ్ళు ఇస్తే బతుకుతుంది. ఎదిగిన చెట్టుకు వేసవిలో రోజుకు నలభై యాభై లీటర్లు కావాలి. వందల అడుగుల లోతు బోరు నుంచి తోడి అన్ని నీళ్ళు పోయడం మీకు సమ్మతమేనా అన్నది మీరే చూసుకోండి. బతికిన రెండింటినీ పీకక్కర్లేదు, కొత్తవి పెట్టక్కర్లేదు.

అత్తయ్యగారి మోకాళ్ళ గురించి. అనంతపురం జిల్లా భూగర్భజలంలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, ఇంకాస్త చిక్కబడుతుంది. మీ బోరు నీళ్ళు ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ళ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. మోకాళ్ళ నొప్పికి అదే కారణమని అనట్లేదు, డెబ్భై దాటిన మోకాలికి కారణాలు చాలా ఉంటాయి, డాక్టరు చూడాలి. కానీ ‘నేల పడలేదు’ అన్న మాటలో నీళ్ళు పడకపోవడం పాలెంతో ముందు కనుక్కోండి. అలాగే మీ నిద్ర. ఏడాదిన్నరగా నిద్ర లేకపోవడం ఏ నేల మీదైనా జబ్బే. ఒక మానసిక వైద్యుణ్ణి కలవండి. నాన్నగారి మీద దుఃఖం తీరక ఊరి మీద బెంగ రూపంలో వస్తోందేమో, లేక రెండూ వేరువేరో, నిద్ర పట్టాక మీకే తెలుస్తుంది.

ఇక అసలు విషయం. మీకు అక్కడ భక్తి ఎలా అలవాటైందో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోండి. అక్కడ నీరు మాట తప్పదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పట్నుంచీ కాలువలకు నీళ్ళు వదిలే రోజుంది, కట్టేసే రోజుంది. గోదావరి స్నానం చేసేటప్పుడు కాటన్ దొరను భగీరథుడని తలచుకునే పెద్దలు మీ వైపు ఉన్నారు. అంటే మీ గోదావరి భక్తిలో సగం, వేళకు వచ్చే నీటి మీద నమ్మకం. మీరు ఇప్పుడున్న చోట ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, కోనసీమలో కురిసేదాంట్లో సగం. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసి తేలికైపోతాయి. తూర్పు నుంచి తుఫాను వానలు ఇక్కడికి చేరేసరికి సన్నబడతాయి. పడితే సెప్టెంబరులో గట్టిగా పడుతుంది, లేకపోతే లేదు. ఈ నేల మీద పుట్టిన భక్తి ఎదురుచూపు మీద కట్టింది. దాన్ని గోదావరి కొలతతో కొలిస్తే ఖాళీగానే కనిపిస్తుంది.

ఇక్కడి రైతులు ‘పదును’ అనే మాట వాడతారు. మీ వైపూ ఉంది గాని ఇక్కడ దాని మీదే ఏడాది బతుకు ఆధారపడి ఉంది. వాన పడ్డ మర్నాడు రైతు చేలో వంగి, పైమట్టి వేలితో పక్కకు తోసి, కింది మట్టి పిడికెడు తీసి బిగిస్తాడు. పిడికిలి తెరిస్తే ముద్ద నిలవాలి. బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోవాలి. విడిపోక జిగురుగా అంటుకుంటే ఇంకా తడెక్కువ, విత్తే గొర్రు కడితే మట్టి గడ్డకడుతుంది. ముద్దే నిలవకపోతే ఆలస్యమైంది, విత్తనం మొలిచి చస్తుంది. ఎర్రనేలలో ఆ పదును రెండు మూడు రోజులకు మించి ఉండదు. ఆ రెండు రోజుల కోసం ఊరంతా నెలల తరబడి ఆకాశం చూస్తుంది. జ్యేష్ఠ పున్నమికి ఏరువాక. ఆ రోజు కాకపోయినా, శనక్కాయ విత్తే రోజున పక్కింటివాళ్ళ చేలోకి వస్తామని అడిగి వెళ్ళండి. పసుపు కుంకుమ, ఒక కొబ్బరికాయ పట్టుకెళ్ళండి, పాపను తీసుకెళ్ళండి. పక్కన నిలబడి చూస్తే చాలు. విత్తేవాళ్ళ మధ్య ప్రశ్నలు వేస్తూ తిరగకండి, ఆ పూట వాళ్ళకు తీరిక ఉండదు.

మీరు పూజ ఎలా మొదలుపెడుతున్నారు? ఊళ్ళో పురోహితులు రికార్డు చేసి ఇచ్చిన సంకల్పమే ఫోన్లో పెట్టుకుంటున్నానని రాశారు. అయితే ఈ మూడేళ్ళూ అనంతపురంలో కూర్చుని, నేను కోనసీమలో ఉన్నాను అని దేవుడికి రోజూ చెబుతున్నారన్నమాట. ఎవరింట్లోనో దీపం పెట్టినట్టు ఉండక ఏమవుతుంది! సంకల్పంలో చోటు చెప్పే మాటలు ఎక్కడికక్కడ మారాలి. అందుకే వాటిని అలా కూర్చారు. కోనసీమ శ్రీశైలానికి తూర్పున కాస్త ఉత్తరంగా ఉంది కాబట్టి అక్కడ ‘శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే’. అనంతపురం శ్రీశైలానికి నైరుతిలో ఉంది కాబట్టి ఇక్కడ ‘శ్రీశైలస్య నైరృత్య ప్రదేశే’. నదుల పేర్లు చెప్పేచోట ‘కృష్ణా కావేర్యోః మధ్యదేశే’ అంటారు. తర్వాత ‘స్వగృహే’. మీది సొంతిల్లు గనక ఆ మాట ధైర్యంగా అనండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకు ‘వసతి గృహే’ అనే మాట ఉంది, వాళ్ళనూ సంకల్పం బయట నిలబెట్టలేదు. మీ పురోహితులకే ఫోన్ చేసి మళ్ళీ చదివించుకోండి, పది నిమిషాల పని.

కార్తీక స్నానానికీ జవాబు మీకు కంఠతా వచ్చిన శ్లోకంలోనే ఉంది. కలశం మీద చెయ్యి పెట్టి ‘గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి, నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు’ అంటాం. జలేఽస్మిన్ అంటే ఈ నీటిలో. ఏ చెంబులో ఉంటే ఆ చెంబులో, ఏ బోరుదైతే ఆ బోరుది. గోదావరి ఒడ్డున ఉండేవాడికి ఈ శ్లోకంతో అంత పనిలేదు, దూరంగా ఉన్నవాడికే ఇది కావాలి. కుళాయి కింద నిలబడి కాకుండా, రాత్రే ఒక గంగాళంలో నీళ్ళు పట్టి ఉంచి, తెల్లవారుజామున ఆ నీళ్ళ మీద చెయ్యుంచి ఈ మాట అని, చెంబుతో ముంచి పోసుకోండి. పారే కుళాయిని ఆవాహన చేయడం కష్టం, నిలిచిన నీళ్ళను చేయొచ్చు.

మంచం దిగుతూ భూమికి మొక్కుకునే శ్లోకం కూడా మీకు వచ్చే ఉంటుంది, ‘సముద్రవసనే దేవి పర్వతస్తనమండలే’. కోనసీమలో మీకు సముద్రం దగ్గర, చూద్దామంటే ఒక్క కొండ లేదు. ఇక్కడ సముద్రం లేదు, కిటికీ తెరిస్తే గుట్టలు. ఇన్నాళ్ళూ ఆ శ్లోకంలో సగమే మీ కళ్ళకు కనపడేది. మిగతా సగం ఇక్కడుంది.

పెన్న దగ్గర ఏడ్చానన్నారు. నది చచ్చిపోయిందనుకుని ఏడ్చారు. పెన్న నందికొండల్లో పుట్టి వస్తూ ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక కింద నడుస్తుంది. ఇసుక తవ్వకాలు జరగని చోటు చూసి, ఊరివాళ్ళెవరినైనా తోడు తీసుకుని, చెలమ తీయడం నేర్చుకోండి. పైన తెల్లటి పొడి ఇసుక, జానెడు కింద ముదురు రంగు ఇసుక, మూరెడు లోతుకు వెళ్ళేసరికి చెమ్మ. అడుగున నీరు ఊరడం మొదలవుతుంది, మొదట మురికిగా ఉంటుంది. ఆ నీళ్ళు రెండు మూడుసార్లు తోడి పారబోయాలి. గోడలు విరిగిపడుతుంటే వెడల్పు చేయాలి గాని లోతు చేయకూడదు. తర్వాత ఒక పావుగంట ఊరికే కూర్చోవాలి. అడుగున ఇసుక రేణువులు సన్నగా కదులుతుంటాయి, ఆ కదిలేచోటే ఊట. ఎండ ముదిరిన నెలల్లో, చుట్టూ ఇసుక ఎత్తేసిన చోట్ల ఎంత తవ్వినా రాదు. ఎందుకంటే నీటిని పట్టుకునే ఒడి ఆ ఇసుకే. వెళ్ళేటప్పుడు గుంత పూడ్చండి, పశువులు కాలు విరగ్గొట్టుకుంటాయి. పాపను పెద్ద గుంతల దగ్గరికి పోనివ్వకండి.

ఈ కనపడని నీటికి ఇక్కడివాళ్ళు గుడి కూడా కట్టారు. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడున్నాడు. బుగ్గ అంటే ఊట. లింగం దగ్గర నీరు ఊరుతూనే ఉంటుంది. విజయనగర కాలపు ఆ గుడి గోపురాల మీది చెక్కడం చూడడానికి చాలామంది వస్తారు. మీరు మాత్రం గర్భగుడి దగ్గరే ఎక్కువసేపు ఉండండి.

ఇలవేల్పు బెంగ మీకు అక్కర్లేదు. ఉరవకొండ వైపు పెన్న అహోబిలంలో లక్ష్మీనరసింహస్వామి ఉన్నాడు, గుడి స్వామి పాదముద్ర మీద వెలిసిందని స్థలపురాణం. పక్కనే జలాశయం, కార్తీకంలో కంటినిండా నీరు చూడాలనిపిస్తే అక్కడికి వెళ్ళొచ్చు. కదిరిలోనూ ఆయనే. అంతర్వేదిలో వసిష్ఠ కడలిని కలిసేచోట కూర్చున్న స్వామి, మీకంటే ఎంతో ముందే ఈ ఎండల్లోకి వచ్చి కూర్చున్నాడు.

సుంకులమ్మ దగ్గరికి వెళ్ళడం ద్రోహమా? ప్రభల తీర్థం చూస్తూ పెరిగినవారు మీరు. ఏకాదశ రుద్రులు పదకొండు ఊళ్ళ నుంచి ప్రభల మీద పొలాలు తొక్కుకుంటూ, కాలువలు దాటుకుంటూ వచ్చి ఒక తోటలో కలుసుకుంటారు. ఒక ఊరి దేవుడు ఇంకో ఊరి దేవుణ్ణి చూడడానికి వెళ్తాడని మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇదే జిల్లాలో నార్పల మండలం గూగూడులో మొహర్రంకు కుళ్ళాయిస్వామి పీర్ల దగ్గరికి హిందువులూ ముస్లిములూ కలిసే పోతారు. ఇక్కడ నేల ఒకరికి చెందితే ఇంకొకరికి చెందదన్న లెక్క తక్కువ.

వెళ్ళాలనుకుంటే ఒక పద్ధతి ఉంది. మొదటిసారి జాతర రోజున వెళ్ళకండి. మామూలు మంగళవారమో శుక్రవారమో, పిలిచినావిడ వెంటే వెళ్ళండి. పసుపు, కుంకుమ, వేపమండ, కొబ్బరికాయ, రవికెల గుడ్డ, గిన్నెడు పెరుగన్నం చాలు. ఊరి అమ్మవారికి పూజ చేసే కుటుంబం ఏదో ముందే కనుక్కుని తాంబూలం వాళ్ళ చేతికివ్వండి. మీతో మీ పురోహితుణ్ణి తీసుకెళ్ళడం, పెద్దగా స్తోత్రాలు చదవడం, ఫోన్ తీసి ఫొటోలు పట్టడం చేయొద్దు. అక్కడ ముందెవరు, ఎంత దగ్గరికి వెళ్ళాలి అన్నదానికి వాళ్ళ వరస వాళ్ళకుంటుంది. ఆవిడ ఎక్కడ ఆగితే మీరూ అక్కడే ఆగండి. ఏం మొక్కుకోవాలో తెలియకపోతే, ఫలానా ఊరి నుంచి వచ్చాం, నీ ఊళ్ళో ఉంటున్నాం అని చెప్పుకుంటే సరిపోతుంది.

జాతర నాడు చేయగలిగినవి మూడున్నాయి. పొద్దున్నే వెళ్ళి నైవేద్యం పెట్టి, కోత మొదలయ్యేలోపు వచ్చేయొచ్చు. ఊళ్ళో శాకాహారులైన మిగతా ఇళ్ళవాళ్ళు ఎలా చేస్తారో అడిగితే వేళ చెబుతారు. లేదా ఆ రోజు ఇంట్లోనే ఉండి చందా ఇవ్వొచ్చు. దీపాలకో, మజ్జిగ పంచడానికో నా డబ్బు వాడండి అని చెప్పే హక్కు మీకుంది, ఎవరూ తప్పుపట్టరు. అసలు వెళ్ళకుండానూ ఉండొచ్చు, దానివల్ల అమ్మవారికి కోపం రాదు. కాకపోతే పక్కింటామె మళ్ళీ పిలవడానికి వెనకాడుతుంది. చేయకూడనిది మాత్రం ఒకటే. బలి గురించి ఉపన్యాసం ఇవ్వకండి, ముఖం చిట్లించి ప్రసాదం తోసేయకండి. మూడేళ్ళ స్నేహం ఒక్క పూటలో పోతుంది. మీ వైపు గ్రామదేవతల జాతరల్లో కోళ్ళూ మేకలూ కోయరా ఏమిటి. మీ ఇంటి వీధిలోకి అది రాలేదు, అంతే.

ఇప్పుడు ఆ అరవై వేల శాంతి. గృహప్రవేశానికి వాస్తుపూజ, హోమం చేయించుకున్నామని మీరే రాశారు. మూడేళ్ళకు మళ్ళీ భూమి చెడిపోయిందనడానికి ఆధారమేమిటో సిద్ధాంతిగారిని అడగండి. తులసి ఎండడమే ఆధారమైతే పైన చెప్పిన ఎర్రమట్టీ ఇసుకా చాలు. శాస్త్రం చెప్పిన భూపరీక్ష మీరే చేయొచ్చు. పెరట్లో మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మూరెడు లోతు గుంత తీసి, అదే మట్టితో పూడ్చాలి. మట్టి మిగిలితే ఉత్తమం, సరిపోతే మధ్యమం, తక్కువైతే అధమం అన్నారు. గట్టి నేల తవ్వితే గుల్లై మిగులుతుంది, ముందే గుల్లగా ఉన్న నేలైతే చాలదు, పునాదికి ఏది మంచిదో చెప్పే లెక్క అది. అత్తయ్యగారి ఎదుటే చేయండి. ఆవిడ మనసు అప్పటికీ కుదుటపడకపోతే, తెలిసిన పురోహితులతో ఇంట్లో గణపతి పూజ, సత్యనారాయణ వ్రతం చేయించి వీధిలోవాళ్ళను భోజనానికి పిలవండి. ఖర్చు తక్కువ. ఆవిడకు కావలసింది శాంతి కంటే మాట్లాడే మనుషులే అనిపిస్తోంది, మీ ఉత్తరం చదివితే. అరవై వేలూ పెట్టి చేయించినా తప్పేమీ లేదు, మీ డబ్బు. కానీ ఆ తర్వాత మొదటిసారి పాలు విరిగిన రోజున ఆవిడ మాట రెట్టింపు బలంగా వస్తుంది, అప్పుడు ఇంకా పెద్ద శాంతి కావాలంటారు.

వెనక్కి వెళ్ళిపోవడమూ ఒక దారే, దాన్ని ఓటమి అనుకోకండి. మీవారి ఉద్యోగం, పాప చదువు, అమ్మబోయే ఇంటి ధర, ఇవన్నీ మీరు లెక్కేసుకోగలరు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మీరు వెళ్ళాలనుకుంటున్నది నాన్నగారున్న ఊరికి. అక్కడ దిగేది ఆయన లేని ఊళ్ళో. ముందు ఒక కార్తీకమాసం సగం అక్కడ ఉండి రండి. ఆ పదిహేను రోజుల్లో పొద్దున్న లేవగానే మీకు ఏం గుర్తొస్తోందో చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి. మధ్యదారి కూడా ఉంది, నాన్నగారి తద్దినానికి ఏటా వెళ్ళడం. 2027లో గోదావరి పుష్కరాలు, ఆయన పేరున అక్కడ చేయవలసింది అప్పుడు చేసుకోవచ్చు. నెలనెలా వెళ్ళడం మాత్రం మానుకోండి, అది మిమ్మల్ని రెండుచోట్లా చుట్టాన్ని చేస్తుంది.

పాప వ్యాసం గురించి మీరు బాధపడుతూ రాశారు గాని, ఇంట్లో ఈ ఊరి సంగతులు మీకు చెప్పగలిగిన మనిషి ఆ పిల్లే. మరవ అంటే ఏమిటో అడగండి, చెరువు నిండి పొర్లే చోటు. ఈ జిల్లాకు పేరిచ్చింది కూడా అనంతసాగరమనే చెరువే. మీ ఊరి చెరువు మరవ పారిన రోజున జనం పసుపు కుంకుమ, పూలు తెచ్చి నీళ్ళలో వదులుతారు. అది ఏటా రాదు, కొన్నిసార్లు ఏళ్ళు పడుతుంది. ఆ కబురు మీకంటే ముందు పిల్లలకే తెలుస్తుంది. అత్తయ్యగారిని కూడా బండి ఎక్కించుకుని వెళ్ళండి.

ఇంకో చిన్న పని. ఆ మిగిలిన ఒండ్రుమట్టి పెరట్లో బస్తాల్లోనే పడి ఉందని రాశారు. వానలు మొదలవగానే రెండు ఉసిరి అంట్లు తెచ్చుకోండి, వేర్వేరు రకాలవి, ఒకటే ఉంటే కాపు సరిగ్గా నిలవదు. ఇరవై అడుగుల దూరంలో మీటరు లోతు గుంతలు వేసవిలోనే తీసి ఎండనివ్వండి. ఎర్రమట్టి, మాగిన ఎరువు వేసి పూడ్చేటప్పుడు ఆ ఒండ్రు కూడా గుంతకు రెండు తట్టలు కలపండి. కలిపే ముందు నాలుగు రోజులు ఎండలో పరిచి, పురుగులేమైనా ఉంటే ఏరేయండి. రెండు తట్టలకు మించొద్దు, అడుగున నీరు నిలుస్తుంది. మూడు నాలుగేళ్ళకు కాపుకొస్తాయి, అదీ కార్తీకంలోనే.